కనిగిరి బోడిబండ: మూడోసారి, మూడు పిచ్‌లు

ఈ ఆదివారం నేనూ మా బావమరిదీ తాడు కట్టుకుని బండ ఎక్కడానికి మళ్ళీ వెళ్ళాం. పిచ్ అంటే ఒక్క తాడు పొడవులో ఎక్కే అంచె. కనిగిరి శివార్లలోని ఈ బండ కింద నుంచి చూస్తే బోర్లించిన మూకుడులా ఉంటుంది. ఎత్తు నూరు మీటర్ల పైమాటే. మొదటిసారి నాలుగు గంటలు పట్టింది. ఈసారి రెండు గంటల నలభై నిమిషాలు. ఎక్కే వేగం పెద్దగా పెరగలేదు, కలిసొచ్చిన టైములో మంచి భాగం బిలేల దగ్గరే, అంటే ఒకరు ఆగి తాడు పట్టి ఇంకొకర్ని కాచే చోట్ల.

వాననీళ్లు కారిన నల్లచారల మీద మంచు పడితే కాలు నిలవదు. అవి ఆరేదాకా ఆగి 7 గంటలకు మొదలుపెట్టాం. తొమ్మిదిన్నర దాటితే బండ కాలి షూ రబ్బరు పట్టు తగ్గుతుంది. సామాను: 60 మీటర్ల తాడు, ఆరు కామ్‌లు (పగుల్లో విచ్చుకుని పట్టే స్ప్రింగు పరికరాలు), ఒక సెట్టు నట్లు (సందులో ఇరికించే లోహపు ముక్కలు), 120 సెంటీమీటర్ల స్లింగులు (పట్టీ ఉచ్చులు) నాలుగు, హెల్మెట్లు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఇంటి నుంచే మోశాం. ఈ గ్రానైట్‌లోని ఫ్లోరిన్ ఖనిజాల వల్ల ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ.

మొదటి పిచ్ అంతా పగులు వెంటే, తేలిక. అసలు పరీక్ష రెండోది. నున్నటి వాలులో తొమ్మిది మీటర్ల దాకా నట్టు పెట్టే సందే లేదు. అక్కడ జారితే దానికి రెట్టింపు, పైన తాడు సాగినంత పడతాం. ఒకచోట కందిపప్పు బద్దంత స్ఫటికం ఒకటే ఆధారం. మడమ దించి, బరువంతా బొటనవేలి కిందికి తెచ్చి, చేతులు ఊరికే ఆనించి లేచాను. షూ నిలిచింది. ఆ పైన ఒక పెద్ద పెచ్చు ఉంది. పిడికిలితో తడితే ఖాళీ కుండలా మోగింది. గ్రానైట్ ఉల్లిపొరల్లా ఊడుతుంది, అలాంటి పెచ్చు వెనక కామ్ పెడితే పడ్డప్పుడు అదే విడగొట్టేస్తుంది. ముట్టుకోకుండా కుడివైపు నుంచి దాటాను.

పోయినసారి ఇక్కడే గాలికి నా కేక కింద ఉన్న బావమరిదికి వినపడక పావుగంట అలాగే నిలబడిపోయాం. ఇప్పుడు ఒప్పందం ఇదీ: నేను పైన యాంకర్‌కి (బండకి బిగించిన ఆధారానికి) కట్టుకున్నాక మూడు గట్టి లాగుళ్లు. అప్పుడే వాడు బిలే తీస్తాడు. మిగిలిన తాడంతా నేను పైకి లాక్కుంటాను, తాడు వాడి నడుముకి బిగిసి, మళ్ళీ మూడు లాగుళ్లు వస్తేనే కదులుతాడు. అనుమానముంటే బిలే తియ్యడు.

తాడును కాళ్ల దగ్గర కుప్పగా వదలకుండా స్లింగు మీద వేలాడేసుకున్నాను. మొదటి మడత పొడుగ్గా, తర్వాతవి ఒకదాని కంటే ఒకటి పొట్టిగా. అలా వేస్తే చిక్కు పడదు. ఒక్కో బిలే దగ్గర ఇరవై ఐదు నిమిషాలయ్యేది, ఈసారి తొమ్మిది నిమిషాలకి తగ్గింది. మూడో పిచ్ పొట్టిది, పదిహేను నిమిషాల్లో అయిపోయింది. దిగడానికి వెనకవైపు మేకల దారి ఉంది.

"బావా, ఈసారి రెండోది నేను లీడ్ చేస్తా" అన్నాడు పైన కూర్చుని. సరేనన్నాను. ఆలోపు ఆ పెచ్చుకి ఎడమవైపున పగులేమైనా ఉందేమో కింద నుంచి బైనాక్యులర్‌తో చూడాలి.