స్విఫ్ట్ స్టీరియో, మూడో వారం: దొంగ దొరికాడు

దొరికింది! మూడు ఆదివారాలు, ఒక సోల్డరింగ్ బిట్టు, ఇంట్లో బోలెడు చీవాట్లు ఖర్చయ్యాక తేలింది ఏమిటంటే, దోషి బెత్తెడు వైరు ముక్క.

కొత్తగా చదువుతున్నవాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. మాది 2010 స్విఫ్ట్, ఎల్‌ఎక్స్‌ఐ. కంపెనీ నుంచి స్టీరియో లేకుండానే వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, అప్పటికే పాత ఓనరు ఏదో షాపులో ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకున్నాడు. తెర వెలుగుతుంది, బ్లూటూత్ కలుస్తుంది, పాట కదులుతున్నట్టు గీత కూడా జరుగుతుంది. శబ్దం మాత్రం సున్నా. ఒక స్పీకర్ పోవడం కాదు, నాలుగూ ఒకేసారి మూగబోయాయి.

పిచ్చెక్కించింది ఏమిటంటే, పార్కింగ్‌లో నేను చెయ్యి పెడితే చక్కగా పాడుతుంది. మర్నాడు పొద్దున ఆఫీసుకి బయల్దేరితే నోరు మెదపదు. మా బావమరిది చూసి, "బావా, లోపల ఐసీ చిప్పు పోయింది, కొత్తది కొనేయ్, ఈ గొడవంతా ఎందుకు" అన్నాడు. వాడికి ప్రతి రోగానికీ అదే మందు.

ముందు పవర్ చూశాను. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే పసుపు వైరు దగ్గర 12.3 వోల్టులు, ఎరుపు దగ్గర కీ తిప్పితే 12.2. నల్లవైరుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య సౌండ్ పెంచినా 0.04 వోల్టులే, అంటే ఎర్త్ బాగున్నట్టే. స్పీకర్లు నాలుగూ 3.6 నుంచి 3.8 ఓమ్స్ మధ్య చూపించాయి. సాకెట్ పీకి స్పీకర్ల ఎనిమిది వైర్లనీ ఒక్కోటిగా బండి బాడీకి పెట్టి చూస్తే ఎక్కడా షార్ట్ లేదు. శబ్దం ఆపమని స్టీరియోకి చెప్పే గోధుమరంగు మ్యూట్ వైరు మీద అనుమానమొచ్చి, కోసి టేపు చుట్టాను. ఏమీ మారలేదు.

మూగబోయినప్పుడే పట్టుకుందామని ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చాక కీ తీయకుండానే ప్యానెల్ ఊడదీశాను. బాగున్నప్పుడు ప్రతి స్పీకర్ వైరు మీదా బాడీతో చూస్తే 6.1, 6.2 వోల్టులు ఉంటాయి. స్టీరియోలో స్పీకర్లని నడిపే ఈ యాంప్‌లన్నీ బ్రిడ్జి పద్ధతివి కాబట్టి ప్లస్, మైనస్ రెండు వైర్లూ బ్యాటరీ వోల్టేజీలో సగం దగ్గర కూర్చుంటాయి. ఆ రోజు ఎనిమిదింటి మీదా 0.0. అంటే ఏదో తేడా పసిగట్టి, తన్ను కాపాడుకోవడానికి యాంప్ తనంతట తాను ఆగిపోతోంది. పయనీర్‌లో అయితే యాంప్ ఎర్రర్ అనీ, కెన్‌వుడ్‌లో అయితే ప్రొటెక్ట్ అనీ తెర మీద పడుతుంది. పది అంగుళాల తెర ఉండీ నా స్టీరియో ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే నాకు పాత బటన్ల స్టీరియోలంటేనే ఇష్టం.

బండి నడుస్తున్నప్పుడే పోతోంది కదా, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఎక్కువై ప్రొటెక్షన్‌లోకి పోతోందనుకున్నాను. ఐడిల్‌లో 14.1, లైట్లూ ఏసీ వేస్తే 13.8. తప్పు పట్టడానికేం లేదు. పైగా పార్కింగ్‌లో ఇంజిన్ ఆన్ చేసి పావుగంట వింటే నిక్షేపంగా పాడింది. సరే, కుదుపుకేమో అనుకుని స్టీరియో ఇంటికి తెచ్చి విప్పాను. యాంప్ ఐసీ 7388. నాలుగో కాలు స్టాండ్‌బై, అంటే ఐసీని నిద్ర లేపేది, ఇరవై రెండోది మ్యూట్; రెండింటి మీదా 4.8 వోల్టులు, అంటే రెండూ ఆన్‌లోనే ఉన్నాయి. అయినా అనుమానం తీరక ఐసీ కాళ్లన్నీ మళ్లీ టంకం పెట్టాను. టేబుల్ మీద విడి స్పీకర్ తగిలిస్తే రెండు గంటలు ఆగకుండా పాడింది. బండిలో పెట్టాను, సోమవారం పొద్దున షరా మామూలే. ఆ రోజు నిజంగానే బావమరిది మాట విని కొత్తది కొనేద్దామనుకున్నాను.

నిన్న ఆదివారం. ఎప్పట్లాగే డ్రైవర్ తలుపు బార్లా తీసి, ఒక కాలు బయట పెట్టుకుని, పాట పెట్టి కూర్చున్నాను. చినుకులు మొదలయ్యాయి. ఒళ్లో మల్టీమీటర్ తడుస్తుందని తలుపు లాక్కున్నాను.

పాట ఆగింది.

తలుపు తెరిస్తే మళ్లీ రాలేదు. కీ తీసి మళ్లీ పెడితే వచ్చింది. మెల్లగా తలుపు దగ్గరికి లాగాను. ఇంకో జానెడు ఉందనగా ఠప్పున ఆగింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అక్కడే. మూడు వారాలుగా నేను తీసుకున్న ప్రతి కొలతా తలుపు తెరిచి ఉంచి తీసుకున్నదే! వంగి డ్యాష్‌బోర్డులో తల దూర్చాలంటే తలుపు తెరవాలి కదా మరి.

సాకెట్ పీకి, తలుపు వేసి కొలిస్తే బూడిదరంగు మీద నల్ల చార ఉన్న వైరు, అంటే ముందు కుడి స్పీకర్ మైనస్, బాడీకి 1.2 ఓమ్స్. దాని జత వైరు 4.9. తేడా 3.7, సరిగ్గా స్పీకర్ కాయిల్. అంటే తలుపు వేస్తే ఆ మైనస్ వైరు బాడీకి తగులుతోంది, దాంతో యాంప్ నాలుగు స్పీకర్లనీ ఆపేస్తోంది. లెక్క ఇంత అందంగా కుదిరితే కోపం కూడా రాలేదు.

తలుపు కీలు (హింజ్) దగ్గర చూస్తే, షాపువాళ్లు వైరుని రబ్బరు గొట్టంలోంచి పోనివ్వకుండా పక్క సందులోంచి లాగేశారు. తలుపు వేసినప్పుడల్లా కీలు కొరికి కొరికి తొడుగు తెగింది. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది, నాలుగైదు పోగులే మిగిలాయి. పైనున్న నల్లటేపు మన ఎండలకి కరిగి జిగురైపోయింది. మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి నాకు మొదటినుంచీ పడదు.

రిపేరు అరగంట పని. రబ్బరు గొట్టంలోకి ముందు చీపురుపుల్ల దూర్చాను, మధ్యలో విరిగింది. పాత బైకు క్లచ్ కేబుల్ తీగ దూరింది. కొత్త వైరు లాగి, టంకం పెట్టి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ తొడుగు వేశాను. తలుపు వేసి యాభై కిలోమీటర్లు తిరిగాను, ఆగలేదు.

మిగతా మూడు తలుపులకీ వైరు లాగింది ఆ షాపువాళ్లే కాబట్టి వచ్చే ఆదివారం వాటి రబ్బర్లు కూడా ఊడదీయాలి. ఈలోగా కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి పన్నెండు మీటర్ల స్పీకర్ వైరు తేవాలి, ఈసారి అసలు రాగిదే, రాగి పూత పూసిన అల్యూమినియం వద్దు. ఇంకోటి: శబ్దం వచ్చాక తెలిసింది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వెనక స్పీకర్లలో సన్నగా కూత వస్తోంది. ఎర్త్ అయ్యుండాలి. ఈసారి మాత్రం తలుపులన్నీ వేసుకునే మొదలుపెడతాను.