ఏపీ స్టాట్స్: నిరుడు 2, ఈసారి 5

ముందుగా ఒక మాట. ఇక్కడ అమెరికాలో ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష, స్కోరు 1 నుంచి 5 దాకా. స్టాట్స్ అంటే స్టాటిస్టిక్స్. ఇదంతా మీకు తెలుసు. విజయవాడలో మా అమ్మమ్మకి తెలియదు. "ఏపీ స్టాట్స్ అంటే మన ఆంధ్రా లెక్కలేనా నాన్నా?" అని అడిగింది. అవునన్నాను. వివరించే ఓపిక లేదు, అప్పటికే నాకు 2 వచ్చి ఉంది.

2024 మే నెలలో, లెవెన్త్‌లో రాశాను. అదే నెలలో రాసిన ఇంకో ఏపీ, క్యాల్క్యులస్ బీసీలో 5. స్టాట్స్‌లో 2. స్కోర్ పేజీ మూడుసార్లు రీఫ్రెష్ చేశాను. నాన్న ఏమీ అనలేదు, భోజనాల దగ్గర మాత్రం "అంత పెద్ద స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మన ఆంధ్రా యూనివర్సిటీలోనే చదివారు తెలుసా" అని పప్పు వడ్డించుకున్నారు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ఇప్పుడు 2025 రిజల్ట్స్‌లో 5 వచ్చింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ముఖ్యంగా ఎయిత్‌, నైన్త్ ఇండియాలో చదివి ఇక్కడికి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం. ఎందుకంటే నేను ఓడిపోయింది లెక్కల్లో కాదు.

మన చదువులో ఆన్సర్ కరెక్ట్ అయితే పని అయిపోయినట్టే. ఫౌండేషన్ బ్యాచ్‌లో నాకు నేర్పింది అదే: వేగంగా చెయ్యి, ఆన్సర్ కింద గీత గియ్యి, తర్వాతి లెక్కకి పో. నిరుడు ఎఫ్‌ఆర్‌క్యూ (ఫ్రీ రెస్పాన్స్, అంటే జవాబు వివరంగా రాయాల్సిన ప్రశ్నలు) సెక్షన్ కూడా అలాగే రాశాను. 90 నిమిషాలకి ఆరు ప్రశ్నలైతే నాకు 25 నిమిషాలు మిగిలాయి. పక్కవాళ్లు ఇంకా పేజీలు పేజీలు రాస్తుంటే, పాపం లెక్క రానట్టుంది అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఆగస్టులో, ఈ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ సైట్‌లో పాత ఎఫ్‌ఆర్‌క్యూలు, వాటి స్కోరింగ్ గైడ్‌లైన్స్ డౌన్‌లోడ్ చేశాను. అన్నీ ఫ్రీ. ఒక ప్రశ్న టైమ్ పెట్టుకుని చేసి, ఎర్ర పెన్ను తీసుకుని నా పేపర్ నేనే దిద్దుకున్నాను. అంకెలన్నీ కరెక్ట్. మార్కులు నాలుగుకి ఒకటి.

ఎలాగో చూడండి. ఇలాంటి ప్రశ్న ఒకటి అనుకోండి. రెండు వేల పైచిలుకు పిల్లలున్న స్కూల్లో ర్యాండమ్‌గా 120 మందిని అడిగితే, లంచ్ టైమ్ పెంచాలని 72 మంది అన్నారు. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (శాంపిల్‌ని బట్టి అసలు నిష్పత్తి ఉండొచ్చని అంచనా వేసే రేంజ్) కట్టి, సగం కంటే ఎక్కువ మంది అలా కోరుకుంటున్నారా చెప్పమన్నారు. నేను రాసేది ఇంతే: "(0.512, 0.688). అవును."

ఆ ఒక్క లైనుకి ఏమొస్తుంది? ఏ పద్ధతి వాడానో పేరు చెప్పలేదు. శాంపిల్ ర్యాండమ్‌గా తీశారని రాయలేదు. 120 అనేది మొత్తం స్కూల్లో పదో వంతు కంటే తక్కువని చూపించలేదు. అవునన్నవాళ్లు 72, కాదన్నవాళ్లు 48, రెండూ 10 దాటాయి కాబట్టి నార్మల్ డిస్ట్రిబ్యూషన్ (గంట ఆకారపు వక్రరేఖ) వాడొచ్చని చెప్పలేదు. శాంపిల్ గురించి ఇలా చూపించాల్సిన ఈ మూడింటినే కండిషన్స్ అంటారు. "ఈ స్కూల్ పిల్లలందరిలో లంచ్ టైమ్ పెంచాలనేవాళ్ల అసలు నిష్పత్తి 0.512కీ 0.688కీ మధ్య ఉందని 95 శాతం కాన్ఫిడెంట్‌గా చెప్పగలం" అన్న వాక్యం లేదు. ఇంటర్వెల్ మొత్తం 0.5 కంటే పైనే ఉంది కాబట్టి అవును అంటున్నానని కూడా లేదు. ఇంకో ఘోరం, కొన్నిచోట్ల "అసలు నిష్పత్తి ఇందులో ఉండే ప్రాబబిలిటీ 0.95" అని రాసేవాణ్ణి. అది తప్పు. ఇంటర్వెల్ కట్టేశాక అసలు విలువ అందులో ఉన్నా ఉన్నట్టే, లేకపోయినా లేనట్టే. 95 శాతం అనేది పద్ధతి గురించిన మాట. ఇలాగే మళ్లీ మళ్లీ శాంపిల్స్ తీసి ఇంటర్వెల్స్ కడుతూ పోతే, వాటిలో దాదాపు 95 శాతం అసలు విలువని పట్టుకుంటాయి.

ఇంగ్లిష్ రాక ఇలా జరిగిందని మా చుట్టాలు ఒకరన్నారు. కాదండీ. ఇంగ్లిష్ వచ్చు, రాయాలన్న బుద్ధే లేదు. క్లాసులో నాకు 'ఎ' గ్రేడే వచ్చింది. అక్కడ ఎక్కువగా మల్టిపుల్ ఛాయిస్ టెస్టులే పెట్టారు, అందుకే లోపం బయటపడలేదు. సాకు అనుకుంటే అనుకోండి, జరిగింది మాత్రం అది.

కండిషన్స్ ఎందుకు రాయాలో మాత్రం చాన్నాళ్లు బుర్రకెక్కలేదు. బట్టీ పట్టి దించేవాణ్ణి. జనవరిలో సంక్రాంతికి అమ్మ పులిహోర కోసం పెద్ద గిన్నెలో అన్నం వండుతోంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు కదా. అమ్మ ముందు గరిటెతో అడుగు నుంచి పైకి కలిపింది, తర్వాత రెండు మెతుకులు తీసి వేళ్ల మధ్య నలిపింది. కలపకుండా పైన చూస్తే ఏమవుతుందని అడిగాను. "పైన పలుకుంటుంది, అడుగున ముద్దవుతుంది, నీకేం తెలుస్తుంది?" అంది. ర్యాండమ్ శాంపిల్ అంటే ఆ కలపడమే. ఇంకోటి కూడా తట్టింది. చిన్న గిన్నె అయినా గుండిగ అయినా అమ్మ నలిపేది ఆ రెండు మెతుకులే. శాంపిల్ పదో వంతు లోపు ఉన్నంతవరకు జనాభా ఎంత పెద్దదన్నది లెక్క కాదు, ఎంతమందిని అడిగాం, ఎలా ఎంచుకున్నాం అన్నదే లెక్క. ఆ రోజు నుంచి కండిషన్స్ రాయడం మర్చిపోలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పి-వాల్యూ (తేడా ఏమీ లేదనుకుంటే ఇలాంటి ఫలితం, లేదా ఇంతకంటే తీవ్రమైనది, వచ్చే అవకాశం) పెద్దదైతే నల్ హైపోథిసిస్‌ని, అంటే తేడా లేదన్న ఊహని, "యాక్సెప్ట్" చేశామని ఎప్పుడూ రాయకండి, "రిజెక్ట్ చేయలేకపోయాం" అనే రాయాలి. స్లోప్ (గ్రాఫ్‌లో గీత వాలు) గురించి రాసేటప్పుడు "ప్రెడిక్టెడ్" అన్న మాట పడాలి. ర్యాండమ్ శాంపిల్ ఉంటే ఫలితాన్ని జనాభా మొత్తానికి చెప్పొచ్చు, ర్యాండమ్ అసైన్‌మెంట్ (ఎవరు ఏ గ్రూపులో ఉండాలో లాటరీలా పంచడం) ఉంటే కారణం చెప్పొచ్చు, రెండూ కలిపేయకండి. టీఐ-84 క్యాల్క్యులేటర్‌లో నొక్కిన బటన్ల పేర్లు పేపర్ మీద దించితే సరిపోదు, మీన్ (సగటు) ఎంత, ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) ఎంత అని విడిగా రాయండి. నేను రాసిన పేపర్లో ఆరో ప్రశ్నకి 25 నిమిషాలు ఉంచుకోవాల్సి వచ్చేది, ఎఫ్‌ఆర్‌క్యూల్లో పావు వంతు మార్కులు దానివే. ఎంసీక్యూకి (మల్టిపుల్ ఛాయిస్) నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటీ వదలకండి. 2025లో ఎంసీక్యూ కంప్యూటర్లో, బ్లూబుక్‌ అనే పరీక్ష యాప్‌లో పెట్టారు, ఎఫ్‌ఆర్‌క్యూ జవాబులు మాత్రం చేత్తోనే రాశాం.

ఇక నా రొటీన్. వారానికి మూడు ఎఫ్‌ఆర్‌క్యూలు, స్కూల్ బస్సు రాకముందు, పొద్దున ఐదున్నరకి. ఫోన్ హాల్లో. ట్వెల్త్‌లో అందరూ కాలేజీ అడ్మిషన్ వచ్చేసిందని గేమ్స్ ఆడుకుంటుంటే నేను లేచి కూర్చునేవాణ్ణి. పట్టుదల ఉన్నవాడికి... సరే, క్లాస్ పీకడం ఆపుతాను. నిజం చెప్పాలంటే ఫిబ్రవరిలో రెండు వారాలు ఒక్క రోజు కూడా లేవలేదు.

మళ్లీ రాయాలనుకునేవాళ్లు స్కూల్లో ఏపీ పరీక్షలు చూసే కోఆర్డినేటర్‌ని ఫాల్‌లోనే కలవండి, ఎగ్జామ్ ఆర్డర్ చేసే గడువు నవంబర్‌లో ముగుస్తుంది. క్లాస్ మళ్లీ తీసుకోనక్కర్లేదు, నేను తీసుకోలేదు.

పాత 2 కూడా రిపోర్టులో కొత్త 5 పక్కనే కనిపిస్తుంది. కావాలంటే ఆ 2 కాలేజీకి వెళ్లకుండా ఆపొచ్చు, ఒక్కో స్కోరుకి ఒక్కో కాలేజీకి పది డాలర్లు. నాన్నని అడిగితే "దండగ, ఉండనీ" అన్నారు.