ఈ వారం మాట: మిటిగేట్

రోజుకు పది ఇంగ్లిష్ మాటలు బట్టీ పట్టడం మానేసి, వారానికి ఒక్క మాట పట్టుకుని దాని అంతు చూడటం మొదలుపెట్టాక ఈ లాగ్ రాస్తున్నాను. ఈ వారం వంతు మిటిగేట్‌ది. చదువుతుంటే అర్థమైపోతుంది, రాయబోతే చెయ్యి ఆగుతుంది. నా లిస్టులో అలాంటి మాటలకే ముందు పీట.

మొదటి రోజు, డిక్షనరీలు.

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు "తగ్గించు, ఉపశమింపజేయు" అంటుంది. తప్పేమీ లేదు. కానీ "తగ్గించు" ఒక్కటే నమ్ముకుంటే చిక్కే. ధర తగ్గిస్తాం, బరువు తగ్గిస్తాం, టీవీ సౌండు తగ్గిస్తాం. వీటిలో దేనికీ మిటిగేట్ నప్పదు. అందుకే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం రాసే లెర్నర్స్ డిక్షనరీలు తెరిచాను. 1978లో మొదలైన లాంగ్‌మన్ డిక్షనరీలో అర్థాలన్నీ దాదాపు 2,000 తేలిక మాటల్లోనే రాస్తారు. 1987లో వచ్చిన కోబిల్డ్ డిక్షనరీది ఇంకో దారి: అర్థాన్నే పూర్తి వాక్యంగా చెబుతుంది కాబట్టి ఆ మాట దేని మీద వాడతారో అక్కడే తెలిసిపోతుంది. నాకైతే కోబిల్డే ఎక్కువ పనికొచ్చింది.

తేలిందేమిటంటే, మిటిగేట్ పక్కన ఎప్పుడూ ఏదో ఒక చెడు ఉంటుంది: రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్, ఎఫెక్ట్స్. ఆ చెడు పూర్తిగా పోనక్కర్లేదు, దాని తీవ్రత తగ్గితే చాలు. లాటిన్ మూలం మిటిస్‌కి "మెత్తని" అని అర్థం. కోర్టు భాషలో మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటే నేరాన్ని చెరిపేసేవి కావు, శిక్ష తగ్గించడానికి చూసే పరిస్థితులు. అన్‌మిటిగేటెడ్ డిజాస్టర్ అంటే ఊరట అన్నదే లేని ఘోరం.

ఇంకో సంగతి: నేటి వాడుకలో దీనికి వ్యాకరణంలో చెప్పే కర్మ (ఆబ్జెక్ట్) తప్పనిసరి. నొప్పి దానంతటది తగ్గిందనడానికి ఇది కుదరదు. ఎవరో, ఏదో తగ్గించాలి.

రెండో విడత, వాతావరణ మార్పు వ్యాసాలు.

అసలు సరదా ఇక్కడే. మామూలు ఇంగ్లిష్‌లో సముద్రం ఒడ్డున గోడ కట్టి వరద నష్టాన్ని మిటిగేట్ చేశామని నిక్షేపంగా అనొచ్చు. వాతావరణ శాస్త్రం వాళ్ల దగ్గర అదే గోడ అడాప్టేషన్ (మార్పును తట్టుకునేలా సర్దుకోవడం) కిందికి వెళ్లిపోతుంది. వాళ్ల లెక్కలో మిటిగేషన్ అంటే భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలను తగ్గించడం, లేదా గాలిలోంచి ఆ వాయువులను లాగేసే అడవుల్లాంటివి పెంచడం. వాతావరణ మార్పు మీద రిపోర్టులిచ్చే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీలో ఈ రెండింటికీ వర్కింగ్ గ్రూపులే వేరు: అడాప్టేషన్ రెండోదాని పని, మిటిగేషన్ మూడోదాని పని. కాబట్టి ఈ మాట కనబడగానే ముందు చూడాల్సింది అది ఏ రంగం వ్యాసం అన్నది. నిఘంటువు అర్థం ఒక్కటే పట్టుకుని చదివితే ఆ రిపోర్టుల్లో సగం పేరాలు తికమకగా ఉంటాయి.

మిలిటేట్ అగెనెస్ట్ గొడవ కూడా చూశాను. ఏదైనా ఒక విషయం జరగకుండా అడ్డుపడటం అని దాని అర్థం, మిలిటరీకి చుట్టం. వినడానికి దగ్గరగా ఉండటంతో మిటిగేట్ అగెనెస్ట్ అని రాసేవాళ్లున్నారు, పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు కూడా. అగెనెస్ట్ కనబడితే మిలిటేట్, లేకపోతే మిటిగేట్. ఈ గుర్తు చాలు.

కార్డులు.

"మిటిగేట్ = తగ్గించు" అని ఒకే ఫ్లాష్ కార్డు (ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు) రాసుకుంటే దండగ. మూడు రాశాను. ఒకటి ఖాళీ ఉన్న వాక్యం: "ట్రీస్ డాష్ ద ఎఫెక్ట్స్ ఆఫ్ హీట్". రెండోదాంట్లో రెండు వాక్యాలు, ఎక్కడ మిటిగేట్, ఎక్కడ మిలిటేట్ అన్న ప్రశ్న. మూడోదాంట్లో సముద్రపు గోడ: ఇది మిటిగేషనా, అడాప్టేషనా, ఎవరి లెక్కలో? ఈ మూడోదే మెదడుకు పని పెడుతోంది.

తిప్పడానికి సెబాస్టియన్ లైట్నర్ 1972లో పరిచయం చేసిన పెట్టెల పద్ధతి. జవాబు వస్తే కార్డు తర్వాతి పెట్టెలోకి వెళ్తుంది, దాన్ని మళ్లీ చూసే గడువు పెరుగుతుంది. రాకపోతే మళ్లీ మొదటి పెట్టెలోకే. ఆంకీ అనే ఫ్లాష్ కార్డు యాప్ కూడా చేసేది దాదాపు ఇదే, కానీ కార్డు చేత్తో రాస్తే నాకు బాగా గుర్తుంటుంది.

ఉచ్చారణ చిన్న పనే. మిటిగేట్‌లో ఊనిక "మి" మీద, మిటిగేషన్‌లో "గే" మీద. ఫోన్‌లో రికార్డు చేసి, డిక్షనరీ ఆడియో పక్కన పెట్టి విన్నాను. సరిపోయింది.

ప్రస్తుతానికి మొదటి రెండు కార్డులు పై పెట్టెలోకి ఎక్కాయి, గోడ కార్డు ఇంకా కిందే ఉంది. వచ్చే వారం అలీవియేట్. నొప్పి, పేదరికం దాని పక్కన ఎక్కువ కనబడుతున్నాయి, రిస్క్ మాత్రం మిటిగేట్ దగ్గరే ఉంటోంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో చూడాలి.