అదును దాటాక విత్తనం ఎందుకు?

వరద తీయగానే పాత బట్టల మూటలు లారీల్లో దిగుతాయి. విత్తనాలు మాత్రం అదును దాటాక వస్తాయి. ఇచ్చేవాళ్లకు మనసు లేక కాదు, ఏ రోజుకి ఏం కావాలో ఎవరూ రాసి ఇవ్వకపోవడం వల్ల.

"ఏం కావాలి?" అని అడిగితే రైతు "ఏదిచ్చినా సరే" అంటాడు. రైతుకూ దాతకూ మధ్య సాయం కుదిర్చేవాళ్లు అలా కాకుండా ఎన్ని ఎకరాలు, ఏ పంట పోయింది, మళ్లీ విత్తడానికి ఆఖరు తేదీ ఏది, ఇసుక మేట ఎంత మందం, మోటారు మునిగిందా, పశువులెన్ని అని అడిగి రాసుకోండి. దాతను అడగాల్సింది ఏమిస్తారు, ఎంత, ఏ తేదీకి, లారీ కిరాయి ఎవరిది అని. ఆ కిరాయి సంగతి ముందే తేల్చకపోతే సరుకు గోదాములోనే ఉండిపోతుంది.

భూమి రికార్డు చూసి జాబితా రాస్తే కౌలు రైతు పేరు ఉండదు. సాయం యజమానికి వెళ్తుంది, నష్టం సాగు చేసినవాడికి మిగులుతుంది. అందుకే జాబితాను ఊళ్లో నలుగురి ముందు పైకి చదవాలి. తప్పులు అక్కడే బయటపడతాయి.

విత్తనం పంచేముందు ప్రతి లాటు (ఒకే విడత సరుకు) నుంచి 100 గింజలు తడిగుడ్డలో కట్టి మొలకలు లెక్కపెట్టండి. 80 వస్తే మంచిది. 60 వస్తే విత్తన మోతాదు మూడో వంతు పెంచాలి. అంతకన్నా తగ్గితే వెనక్కి పంపేయండి, మొహమాటం వద్దు. ఆలస్యంగా విత్తే పొలానికి త్వరగా కోతకొచ్చే స్వల్పకాలిక రకమే కావాలి.

400 కిలోల ఆవుకు రోజుకు సుమారు 10 కిలోల ఎండు మేత. 50 పశువులకు 15 రోజులంటే 7.5 టన్నులు. విడి గడ్డి బరువు నిండకముందే లారీని నింపేస్తుంది, కట్టలు కట్టిందే అడగండి. బూజు పట్టింది దించుకోవద్దు.

మునిగిన మోటారుకు ఆరకముందే కరెంటు ఇస్తే వైండింగ్ (లోపలి తీగ చుట్ట) కాలిపోవచ్చు. విప్పి, కడిగి, ఆరబెట్టి, ఇన్సులేషన్ పరీక్షించి, బేరింగులు మార్చితే చాలావరకు బతుకుతుంది. కొత్త మోటారు ఒకటి ఇచ్చే దాతను, మెకానిక్‌ని వారం రోజులు పంపమని అడగడం మేలు. ట్రాక్టర్ ఇస్తామన్నవాళ్లను డీజిల్ సంగతి కూడా అడగండి. నేల ఆరకముందే దింపితే అడుగు గట్టిపడి వేర్లు దిగవు.

రైతుల ఫోన్, బ్యాంకు నంబర్లు గ్రూపుల్లో పెట్టొద్దు, మోసగాళ్లు కాచుకుని ఉంటారు. సరుకు చేరిన తేదీ, పరిమాణం, రైతు సంతకం ఉన్న రసీదు దాతకు పంపండి. విత్తిన 15వ రోజున రైతుకు ఫోన్ చేసి మొలక ఎలా ఉందో కనుక్కోండి. ఖాళీలుంటే మళ్లీ నాటడానికి అప్పటికింకా వ్యవధి ఉండవచ్చు.