గెలిచినవాళ్ళు ఎవరికి మొక్కారు

గురువారం, రాత్రి

పొద్దున మొదటి క్లాసు బాగ్దాద్ మీద. 1258 ఫిబ్రవరిలో మంగోలు సేనాధిపతి హులాగు ఖాన్ సైన్యం ఆ నగరంలోకి దిగిన దగ్గర మొదలుపెట్టిన సార్, టైమ్ అయ్యేసరికి 1295 దగ్గర ఆపారు. మధ్యలో ముప్ఫై ఏడేళ్ళు. రోజంతా ఆ ముప్ఫై ఏడేళ్ళే బుర్రలో తిరుగుతున్నాయి. పడుకునేలోపు రాసి పెట్టుకోకపోతే రేపటికి సగం ఎగిరిపోతాయి.

బాగ్దాద్‌ను అబ్బాసీ ఖలీఫా అల్ మన్సూర్ 762లో కట్టించాడు. మక్కా, మదీనాల తర్వాత ముస్లిం ప్రపంచంలో అంత పేరున్న ఊళ్ళు తక్కువ. హులాగు వచ్చాడు, కొద్ది రోజుల ముట్టడికే ఊరు పడిపోయింది. తర్వాత జరిగిన చావులకు లెక్క లేదు. ఖలీఫా ముస్తాసిమ్‌ను తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారని చెబుతారు. రాచరక్తం నేలమీద చిందకూడదన్నది మంగోలుల ఆచారం, అలా చంపడం వాళ్ళ దృష్టిలో మర్యాదే. ఆ మాట విన్నాక వెనక బెంచీల గుసగుసలు కూడా ఆగిపోయాయి.

హులాగు తల్లి సొర్ఖఖ్తానీ క్రైస్తవురాలు. పట్టపురాణి దోఖుజ్ ఖాతూన్ కూడా అంతే. అందుకే ఊరు తగలబడుతున్నా అక్కడి క్రైస్తవుల జోలికి ఎవరూ పోలేదు. హులాగు మొగ్గు మాత్రం బౌద్ధం వైపు. ఇరాన్, ఇరాక్‌లలో ఇక ఇస్లాం పని అయిపోయిందని ఆ రోజుల్లో అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. సరిగ్గా అక్కడే 1295 వస్తుంది. హులాగు మునిమనవడు గజన్ ఖాన్ కల్మా చదివి, మహమూద్ అనే పేరు పెట్టుకుని సింహాసనం ఎక్కాడు. ఖలీఫాను చంపించిన ఇంట్లోనే నమాజు నిలదొక్కుకుంది!

నోట్సులో దీని కింద రెండు గీతలు గీశాను. రాజు మతం ఏదైతే జనం మతం అదే అవుతుందని, కత్తి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ దేవుడే నెగ్గుతాడని చాలా మామూలుగా అనేస్తుంటాం. టీవీ చర్చల్లో అదే, పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర పెద్దవాళ్ళ మాటల్లోనూ అదే. ఇల్‌ఖాన్ల, అంటే ఇరాన్‌ను ఏలిన హులాగు వంశం వాళ్ళ కథ దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. పైగా వాళ్ళొక్కళ్ళే కాదు. 410లో రోమ్ నగరాన్ని దోచుకున్న అలారిక్, అతని గోత్ జాతివాళ్ళు అప్పటికే క్రైస్తవులు. రోమ్ సామ్రాజ్యం నుంచి అందుకున్న మతమే అది. పీటర్, పాల్ చర్చిల్లో దాక్కున్నవాళ్ళను మాత్రం వదిలేశారు. మన దగ్గర విదిశ పక్కన బెస్‌నగర్‌లో గరుడస్తంభం ఉంది. దాన్ని నిలబెట్టింది తక్షశిల నుంచి గ్రీకు రాజు ఆంటియాల్కిడస్ పంపిన రాయబారి హీలియోడోరస్. గ్రీకువాడు వాసుదేవుడి పేరున స్తంభం ఎత్తి, తనను భాగవతుడని చెక్కించుకున్నాడు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటి మాట.

క్లాసులో నాకు అన్నిటికన్నా నచ్చింది 1254 నాటి సంగతి. అప్పటికి పెద్ద ఖాన్ హులాగు అన్న మోంకే, రాజధాని కారకోరం. ఫ్రాన్స్ వైపు నుంచి విలియం ఆఫ్ రూబ్రుక్ అనే సన్యాసి అంత దూరం వెళ్ళాడు. క్రైస్తవులు, ముస్లింలు, బౌద్ధులు ఒకచోట కూడి వాదించుకోవాలని ఖాన్ ఏర్పాటు చేశాడు. ఒకటే షరతు, ఎదుటివాణ్ణి కించపరిచే మాట అన్నవాడికి మరణశిక్ష. వాదన జరిగింది, ఎవరూ మతం మార్చుకోలేదు. చివర్లో క్రైస్తవులు, ముస్లింలు గట్టిగా పాటలు పాడారట, బౌద్ధులు ఊరుకున్నారట, ఆ తర్వాత అందరూ కలిసి తెగ తాగారట. ఇదంతా రూబ్రుక్ రాసి పెట్టిందే. ఖాన్ తనతో అన్న మాట కూడా రాశాడు: దేవుడు చేతికి వేరువేరు వేళ్ళు ఇచ్చినట్టే మనుషులకు వేరువేరు దారులు ఇచ్చాడని. నాలుగేళ్ళ తర్వాత బాగ్దాద్‌ను పడగొట్టిన తమ్ముణ్ణి అటు పంపిందీ ఈ మోంకేనే. రెండూ ఒకే మనిషి పనులు. ఇలాంటిది ఎదురైనప్పుడు ఒకదాన్ని నిజమనీ ఇంకోదాన్ని నటన అనీ తేల్చేయడం నాకు ఇష్టం ఉండదు. ఆ మనిషి రెండూ మనస్ఫూర్తిగానే చేసి ఉంటాడు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేనూ, నా పక్కన కూర్చునే కర్నూలు అమ్మాయీ దీని మీదే పడ్డాం. పప్పు అన్నం చల్లారిపోయేదాకా ఆపలేదు.

"మంగోలులు గుప్పెడు మందే. అంతమంది ముస్లింల మధ్య ఎన్నాళ్ళని వేరుగా బతుకుతారు? కలిసిపోయారు, అంతే" అంది.

"మరి స్పెయిన్ వాళ్ళు?" అన్నాను.

1532 నవంబర్ 16న పెరూలో, కహమార్కా అనే ఊళ్ళో, స్పెయిన్ దండు నాయకుడు పిజారో వెంట ఉన్నది 168 మంది. గుప్పెడు కూడా కాదు. ఎదురుగా ఆ దేశాన్ని ఏలే ఇంకాల చక్రవర్తి అతహువల్పా, బయట అతని వేల సైన్యం. వల్వెర్దే అనే ఫాదరీ పుస్తకం చేతికిచ్చి దీన్ని నమ్మమన్నాడు, అతహువల్పా దాన్ని కింద పడేశాడు, కాల్పులు మొదలయ్యాయి. మరుసటి ఏడు అతన్ని సజీవంగా తగలబెట్టాలని శిక్ష వేశారు. బాప్తిస్మం తీసుకుంటే తగలబెట్టరు, గొంతు బిగించి చంపుతారు. తీసుకున్నాడు. ఇంకాలు పూర్వీకుల దేహాలను దాచి పూజించుకునేవాళ్ళు, శరీరం కాలిపోతే అంతకన్నా పెద్ద చావు వాళ్ళకు లేదు. ఈ ఒక్క బాప్తిస్మం గురించి ఎప్పుడు చదివినా నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అక్కడ గెలిచినవాడు వంగలేదు. ఓడినవాడే చచ్చేముందు కూడా వంగాల్సి వచ్చింది.

కాబట్టి తక్కువమంది అన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "స్పెయిన్ వాళ్ళు ఫాదరీని వెంటబెట్టుకునే వెళ్ళారు. మంగోలులు వెళ్ళింది పన్ను కోసం" అంది. నాకు ఇది దాదాపు సరైన జవాబు అనిపించింది. మంగోలులకు తెంగ్రీ ఉన్నాడు, ఆకాశ దేవుడు. ప్రపంచాన్ని ఏలమని తమకు ఆజ్ఞ ఇచ్చింది ఆయనేనని నమ్మారు, కానీ ఆయన్ను కొలవమని ఎవర్నీ అడగలేదు. దాదాపు ఏ మతం పూజారులైనా సరే, ఖాన్ ఆయురారోగ్యాల కోసం ప్రార్థిస్తే పన్ను మాఫీ. స్పెయిన్ రాజు పేరున వెళ్ళినవాళ్ళ దగ్గర పోప్ ఇచ్చిన కాగితం ఉంది. కొత్త ప్రపంచంలో క్రైస్తవం నింపే బాధ్యత కింద ఆ నేలంతా మాదేనన్నారు. దానికి తోడు మశూచి. పిజారో అడుగుపెట్టకముందే జబ్బులు, అన్నదమ్ముల యుద్ధం కలిసి ఆ సమాజాన్ని సగం కూల్చేశాయి. ఇరాన్‌లో అలా కాదు. ఊళ్ళు తగలబడ్డా లెక్కలు రాసేవాళ్ళు, కాజీలు, వైద్యులు మిగిలారు. బాగ్దాద్ పడిన మరుసటి ఏడే అక్కడ పాలన చూడమని హులాగు నియమించింది అతా మాలిక్ జువైనీ అనే ఇరానీ ముస్లింని. మరాఘాలో నక్షత్రశాల కట్టించి అప్పజెప్పింది నసీరుద్దీన్ తూసీకి. పొద్దున లేస్తే సంతకం పెట్టించుకోవడానికి, నాడి చూపించుకోవడానికి, గ్రహణం ఎప్పుడో కనుక్కోవడానికి ముస్లింలే కావాలి. మూడు తరాలు అలా బతికిన ఇంట్లో నాలుగో తరం కల్మా చదవడం వింతేమీ కాదు.

కుస్కోలో ఇంకాల సూర్య దేవాలయం కోరికాంచా గోడల మీదే శాంతో డొమింగో చర్చి కట్టారు. 1950 భూకంపంలో చర్చి చాలా భాగం కూలింది, కింద సున్నం లేకుండా పేర్చిన ఇంకాల రాతిగోడలు నిలబడ్డాయి. ఫోటో చూశాను. రాయికీ రాయికీ మధ్య సందు కనిపించదు, గోడ కొంచెం లోపలికి వాలి ఉంటుంది. దాని పైన స్తంభాలు, కమానులు. ఏ రాయి ఎవరిదో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

సాయంత్రం లైబ్రరీలో కూర్చుంటే గజన్ కథ అంత తియ్యగా లేదని తెలిసింది. అతన్ని బాల్యంలో పెంచింది బౌద్ధ గురువులు. ఖురాసాన్‌లో తనే బౌద్ధ మందిరాలు కట్టించాడు. సింహాసనం కోసం బైదూతో పోటీ పడుతున్నప్పుడు నౌరూజ్ అనే సేనాని ముస్లింవైతే నీ వెంట ఉంటానన్నాడు. అయ్యాడు, గెలిచాడు. వెంటనే మందిరాలు కూల్చేయమని ఉత్తర్వు. చర్చిలు, యూదుల ప్రార్థనా మందిరాల మీదికి కూడా జనం పడ్డారు. బౌద్ధ భిక్షువులతో, వెళ్ళదలుచుకున్నవాళ్ళు హిందూస్తాన్‌కో కాశ్మీర్‌కో టిబెట్‌కో వెళ్ళిపోవచ్చన్నాడు. తండ్రి అర్ఘూన్ బొమ్మ గోడల మీద ఉన్న మందిరాన్నైనా ఉంచమంటే ఒప్పుకోలేదు. పొద్దున క్లాసులో నేను సంబరపడ్డది గెలిచినవాడు ఓడినవాడి దేవుడి ముందు వంగాడని. అదే రోజుల్లో మూడో మనిషి సామాను సర్దుకుని ఊరు విడిచి వెళ్ళాడు. అతను ఎవరినీ గెలవలేదు, ఎవరి చేతిలో ఓడలేదు. ఖాన్ల నీడలో నలభై ఏళ్ళు బతికాడు, నీడ జరిగింది, అంతే.

సామ్రాజ్యాల మీద రాసే పుస్తకాల్లో ఇలాంటివాళ్ళకు రెండు వాక్యాలు దొరకడమే గొప్ప. కానీ ఈ భిక్షువుల విషయంలో ఒక అద్భుతం జరిగింది.

గజన్ వజీరు రషీదుద్దీన్. యూదు కుటుంబంలో పుట్టి ముస్లిం అయినవాడు, వృత్తి వైద్యం. మంగోలుల చరిత్ర రాయమని గజన్ అడిగాడు. గజన్ పోయాక తమ్ముడు ఒల్జైతూ ఇంకా పెంచమన్నాడు, మంగోలులతో ఆపకుండా చైనా, హిందూస్తాన్, ఫ్రాంకులు, యూదులు అందరి చరిత్రా రాయమన్నాడు. ఈ ఒల్జైతూ చిన్నప్పుడు నికోలస్ పేరుతో బాప్తిస్మం పొందాడు, తర్వాత బౌద్ధం, ఆ తర్వాత ఇస్లాం. అలాంటి రాజుకు అలాంటి పుస్తకమే కావాలనిపించి ఉంటుంది. ఆ హిందూస్తాన్ భాగంలో బుద్ధుడి జీవితం ఉంది. దాన్ని చెప్పి రాయించింది కమలశ్రీ అనే కాశ్మీరీ భిక్షువు. మందిరాలు కూలిన కొద్ది ఏళ్ళకే, అదే రాజ్యంలో, వజీరు ఒక భిక్షువును కూర్చోబెట్టుకుని మీ శాక్యముని కథ చెప్పమని అడిగాడు!

1314-15 నాటి అరబ్బీ ప్రతిలో దీనికి బొమ్మలున్నాయి. ఒకటి కంప్యూటర్లో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. శాక్యముని సైతానుకు పళ్ళు ఇస్తున్నాడు. మనకు తెలిసిన ధ్యానముద్ర లేదు, చుట్టూ బోలెడు అరబ్బీ రాత. ఇరాన్‌లో తబ్రీజ్ అనే ఊళ్ళో కూర్చున్న చిత్రకారుడు తనకు తెలిసిన గీతలతో తను ఎన్నడూ చూడని మనిషిని గీశాడు. ఎంత శ్రద్ధగా గీశాడో!

లైబ్రరీ మూసే టైమ్ అవుతున్నా ఇంకొక దారి పట్టాను, ఇల్‌ఖాన్ల తర్వాత ఏమైందని. 1335లో వాళ్ళ రాజు అబూ సయీద్ కొడుకుల్లేకుండా పోయాడు, రాజ్యం ముక్కలైంది. ఆ ముక్కల మీద లేచినవాళ్ళలో ఖరా ఖోయున్లు తురుష్కులు ఒకరు, తబ్రీజ్ వాళ్ళ రాజధాని అయింది. ఆ వంశంవాడే, హమదాన్ నుంచి దక్కనుకు వచ్చి బహమనీల కొలువులో చేరి, చివరికి గోల్కొండలో సొంత రాజ్యం పెట్టిన సుల్తాన్ కులీ. ఆయన కొడుకు ఇబ్రహీం ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకుని, 1550లో వచ్చి గద్దెనెక్కాక తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి కావ్యం అంకితమిచ్చింది ఆయనకే. కుతుబ్ షాహీలు షియాలుగానే ఉన్నారు, ఎవరి దేవుణ్ణీ తెచ్చుకోలేదు. పద్యాన్ని తెచ్చుకున్నారు. ఇది మూడో రకం అనుకుంటా, దీని మీద ఇంకోరోజు తీరిగ్గా రాయాలి.

రషీదుద్దీన్ తన పుస్తకాలు ఎప్పటికీ పోకూడదని తబ్రీజ్‌లో పెద్ద వక్ఫ్ పెట్టాడు. ఏటా అరబ్బీలో ఒక ప్రతి, పర్షియన్‌లో ఒక ప్రతి రాయించి ఊళ్ళకు పంపాలని షరతులు రాయించాడు. 1318లో ఒల్జైతూకు విషం పెట్టాడని నింద వేసి డెబ్భై దాటిన ముసలాయన్ని చంపేశారు. ఆ వక్ఫ్ ఉన్న పేటను దోచుకున్నారు.

సోమవారానికి టర్మ్ పేపర్ టాపిక్ ఇవ్వాలి. మొన్నటిదాకా సామ్రాజ్యాలు, మత విధానాలు అని ఏదో పెద్ద పేరు అనుకున్నాను. ఇప్పుడు కమలశ్రీ మీద రాస్తాను. అసలు పాఠం పర్షియన్‌లో, అరబ్బీలో ఉంది, అనువాదాల మీద ఆధారపడాల్సిందే. సార్ ముందు అదే అడుగుతారు. అడగనీ. భిక్షువు చెప్పినదాంట్లో వజీరు ఏది ఉంచాడు, ఏది తన పాఠకులకు అర్థమయ్యేలా మార్చాడు, ఆ రెండు ప్రశ్నలతో మొదలుపెట్టొచ్చు. టాపిక్ కాగితం మీద పేరు రాసేసి బ్యాగులో పెట్టాను. కర్నూలు అమ్మాయి తన పేపర్‌కు అతహువల్పా బాప్తిస్మాన్ని టాపిక్‌గా ఎంచుకుందట, ఇప్పుడే మెసేజ్ పెట్టింది.