బాపు కారు, మావాడి పానా

బాపు కారు బానెట్ లేపాడంటే నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "నీకెందుకుర ఈ మసి, పోయి సదువుకో" అనేవాడు. పోయి చదువుకున్నాను. వరంగల్ ఆర్‌ఈసీలో మెకానికల్ చేసి, ఒహాయోలో డేటన్ దగ్గర ఇరవై రెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. పానా మాత్రం సరిగ్గా పట్టుకోవడం రాదు. ఈ రహస్యం మావాడికి పదిహేనో ఏట తెలిసిపోయింది, పోయిన ఎండాకాలం, హనుమకొండలో మా ఇంటి ముందు.

కారు 1986 అంబాసిడర్. ఏనుమాముల మార్కెట్‌లో బాపు పత్తి అడ్తి బాగా నడిచిన రోజుల్లో కొన్నది. పరకాల, ములుగు ఊళ్లన్నీ తిరిగింది. ఇప్పుడు భద్రకాళి గుడికి, పెళ్లిళ్లకు మాత్రమే. అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ కోసం దాన్ని పెళ్లికూతురిలా తయారుచేస్తాడు.

ఇంజన్ ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను బాపు 'డెల్కో' అంటాడు. వాళ్ల మెకానిక్ ఉస్తాద్ దగ్గర పట్టుకున్న మాట. నేనేమో అది ఉర్దూ అనుకుంటూ పెరిగాను. ఒక ఆదివారం వీడియో కాల్‌లో తాత ఆ మాట అనగానే మావాడు ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నాడు. డెల్కో అంటే డేటన్ ఇంజనీరింగ్ ల్యాబొరేటరీస్ కంపెనీ. 1909లో చార్లెస్ కెటరింగ్ ఇంకొకాయనతో కలిసి పెట్టింది. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటును కాడిలాక్ కార్ల కోసం తయారుచేసింది ఆయనే. ఆయన పేరున్న ఊరు మా పక్కనే. మేం కూరగాయలు కొనేది అక్కడే. తాత నోట తన ఊరి పేరు పొట్టిగా విన్నట్టయింది వాడికి.

అంతకుముందు ఆ ఆదివారం కాల్స్ ఎలా ఉండేవో చెప్పాలి. "బాగున్నవా బిడ్డా?" "బాగున్నాను తాతా." "తిన్నవా?" "తిన్నాను." ఫోన్ మళ్లీ నా చేతికి. శనివారం తెలుగు క్లాసుకు ఆరేళ్లు తిప్పాం. వాడికి పర్వతం వచ్చు, నది వచ్చు, ఏకవచనం బహువచనం వచ్చు. తాతతో మాట్లాడడానికి మాత్రం విషయం లేదు. డెల్కో దొరికాక నెలకు రెండు మూడుసార్లు వాళ్లే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నాకు కొంచెం అసూయగా కూడా ఉండేది, దాచడమెందుకు.

వాడే కనిపెట్టాడు కారులో మిస్సింగ్ ఉందని, అంటే ఇంజన్ మధ్యమధ్యలో రవ్వ తప్పి తడబడుతోందని. ఫోన్‌లో ఇంజన్ చప్పుడు విని, "తాతా, పాయింట్లు చూశారా?" అన్నాడు. తాత చూస్తూనే ఉన్నాడు, అదే బాధ. డెల్కో లోపల షాఫ్టు మీద నాలుగు మూలల క్యామ్ ఉంటుంది. అది తిరుగుతూ ఒక్కో మూలతో పాయింట్లను, అంటే ఒకదానికొకటి ఆనుకునే రెండు లోహపు ముక్కలను, విడదీస్తుంది. విడిపోగానే కాయిల్‌లో కరెంటు తెగి, 12 వోల్టులు కాస్తా వేల వోల్టులై ప్లగ్గులో రవ్వ కొడుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే పాయింట్లు 6,000 సార్లు విడిపోవాలి. క్యామ్‌ను రాసుకునే పాయింట్ల మడమ అరిగే కొద్దీ సందు తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది. ఉండాల్సిన సందు పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.40 మిల్లీమీటర్ల లోపు. ఒక కంటికి ఆపరేషన్ అయిన డెబ్బై ఏడేళ్ల మనిషికి ఆ సందు కనబడదు. ఉస్తాద్ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడున్న కుర్రాళ్లకు ల్యాప్‌టాప్ తగిలిస్తేనే బండి మాట్లాడుతుంది.

మావాడు పాయింట్ల బదులు పెట్టే ఎలక్ట్రానిక్ కిట్ వెతికాడు. మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌ది ఇంగ్లండులోని బీఎంసీ అనే కార్ల కంపెనీ వంశం. ఎంజీఏ అనే అందమైన స్పోర్ట్స్ కారుకూ అదే ఇంజన్ పెట్టారట. ఆ పాత ఎంజీల పిచ్చివాళ్లు అమెరికాలో బోలెడు మంది కాబట్టి కిట్లు దొరుకుతాయి. డెల్కో మీది నంబరు ఫొటో తెప్పించుకున్నాడు. బ్యాటరీ నెగెటివ్ బాడీకే ఉందా అని అడిగాడు. కాయిల్ ఎన్ని ఓమ్‌లో మీటర్ పెట్టి చూడమన్నాడు. మూడు వచ్చాయి. కిట్ నా సూట్‌కేసులో, ఆవకాయ ఖాళీ డబ్బాల మధ్య, హనుమకొండ చేరింది.

బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాయింటయితే నడిమిట్ల ఆగినా ఉప్పు కాగితంతోని గీకి ఇంటికి తెస్త. ఈ డబ్బ ఖరాబయితే ఏం గీకాలె?"

న్యాయమైన ప్రశ్నే. మావాడు వెంటనే అన్నాడు: "కానీ తాతా, మీకు సందు కనబడదు కదా."

మా అమ్మ చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఆగింది. నేను వాణ్ని ఇంట్లోకి పిలిచి గట్టిగానే తిట్టాను, పెద్దవాళ్లతో మాట్లాడే తీరేనా అని. వాడికి అర్థం కాలేదు. మర్యాదగా 'మీకు' అన్నాను కదా అన్నాడు. క్లాసులో మర్యాద అంటే అంతే నేర్పారు మరి. రాత్రి మంచాల మీద బాపే ఎత్తాడు ఆ మాట. "వాడు నిజమే అన్నడు గద, ఎందుకు తిట్టినవ్? మీరంత ఏండ్లసంది సూస్తుండ్రు, ఒక్కరన్న అన్నరా?"

తెల్లారి ఆరింటికే బానెట్ లేచింది. ఎండ ముదరకముందే పని అయిపోవాలని.

"మూత తియ్యి. జర ఇప్పు. మొత్తం ఇప్పకు! ఇటు జరుపు. ఇగ బిగియ్యి." మావాడు ప్రతి మాటా తిరిగి అంటూ చేస్తున్నాడు. ఇప్పు, బిగియ్యి, జరుపు. ఆరేళ్ల క్లాసుల్లో ఈ మూడు క్రియలూ రాలేదు. పాయింట్లు, కండెన్సర్ బయటికి వచ్చాయి. వాటి చోట చిన్న నల్లటి ముక్క, క్యామ్ మీదికి అయస్కాంతాల రింగు, పైన రోటర్. ఎర్ర వైరు కాయిల్ ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు. టైమింగ్ మళ్లీ సెట్ చేశారు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. బాపు సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి, ఆ గాలి తగిలే తీరు చూసి, "మిస్సింగ్ లేదు" అన్నాడు, ఎవరికో ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఒక్కటే చిక్కు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు తాళంచెవి ఆన్‌లో వదిలేస్తే ఆ నల్ల ముక్క వేడెక్కి మాడిపోవచ్చు. బాపుకేమో గుడి బయట తాళం తిప్పి పాటలు వింటూ కూర్చునే అలవాటు. మావాడు కాగితం మీద రాసి డాష్‌బోర్డుకు అంటించాడు: "తాత, ఇంజన్ బందు ఉంటే తాలం ఆన్ పెట్టకు." 'బందు' ఏ పుస్తకంలోనూ వాడు చదివింది కాదు.

తిరుగు ప్రయాణం ముందురోజు బాపు కొత్త పేచీ పెట్టాడు. పాత పాయింట్లు పేపర్లో చుట్టి కారులోనే ఉంచుతాడట. సరే. కానీ ఈ డబ్బా చెడితే అవి తిరిగి పెట్టేదెవరు? తనకు కనబడదు. వాడికి బడి. ఏటా జనవరిలో ఒక్కణ్నే వచ్చేది నేను.

మళ్లీ బానెట్ లేచింది. నల్ల ముక్క తీసి పాయింట్లు పెట్టారు, నాకు నేర్పడానికి. బాపు టార్చి పట్టుకున్నాడు, మావాడు సందు కొలిచే బ్లేడ్ల ఫిల్లర్ గేజ్ నా చేతికిచ్చాడు. బ్లేడు దూర్చాను. అది వేరే బ్లేడు. "నాన్నా, అది ఇరవై, పదిహేనుది తీయి" అని మావాడు నవ్వాడు.

"వాని తప్పు గాదు బిడ్డా" అన్నాడు బాపు, టార్చి కదపకుండా. "నేనే దగ్గరికి రానియ్యలే."

సరైన బ్లేడు తీసి మళ్లీ పెట్టాను. కొంచెం పట్టి పట్టి జారింది.