పాత రంగులోని సీసం ఇంకా మన ఇళ్లలోనే ఉంది

సీసం అనగానే చాలామందికి పెట్రోలు పొగే గుర్తుకు వస్తుంది. 1924లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక కర్మాగారంలో ఆ ఇంధనంలో కలిపే సీసపు రసాయనం తయారుచేస్తున్న కార్మికులు మతి చలించి మరణించారు. అయినా కొంతకాలం ఆగిన అమ్మకం మళ్లీ మొదలై, 2021లో అల్జీరియా మానుకునేదాకా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట సాగుతూనే వచ్చింది. ఆ అధ్యాయం ముగిసింది కాబట్టి ప్రమాదమూ తీరిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు.

నా దృష్టిలో అందరూ తేలిగ్గా తీసుకుంటున్నది ఇంట్లోని దుమ్మునే. సీసం కలిసిన పాత రంగు వేసిన కిటికీని తెరిచి మూసిన ప్రతిసారీ రెక్క చట్రానికి రాసుకుని, కంటికి ఆనని పొడి కిటికీ గట్టు మీద, నేల మీద రాలుతుంది. పాకే బిడ్డ ఆ నేల మీద చేతులు ఆనించి, ఆ వేళ్లనే నోట్లో పెట్టుకుంటుంది. కొత్త రంగు వేయించే ముందు పాత పూతను ఉప్పు కాగితంతో పొడిగా రుద్దితే, ఏళ్ల తరబడి రాలవలసిన పొడి ఒక్కరోజులోనే ఇల్లంతా పరుచుకుంటుంది.

మింగిన సీసాన్ని పసిపిల్లల పేగులు పెద్దలకంటే 4 నుంచి 5 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఇనుము, కాల్షియం చాలని పిల్లల్లో ఇది మరింత ఎక్కువ. శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. రక్తంలో సీసం నెల రోజుల్లో సుమారు సగానికి తగ్గినా, ఎముకల్లో చేరింది దశాబ్దాలు నిలిచిపోతుంది. అలా ఎముకల్లో సీసం చేరిన ఆడపిల్ల పెద్దయి గర్భవతి అయినప్పుడు, ఎముకల నుంచి కాల్షియంతో పాటు అదీ కరిగి, ఎన్నడూ ఆ ఇంట్లో అడుగుపెట్టని శిశువును చేరుతుంది. పెద్దవారిలో రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తహీనత వస్తుంది.

అన్నిటికంటే కలవరపెట్టేది మెదడుకు జరిగే హాని. 1979లో అమెరికన్ పిల్లల వైద్యుడు హెర్బర్ట్ నీడిల్‌మన్ బృందం పిల్లల ఊడిన పాలపళ్లలోని సీసాన్ని కొలిచింది. ఏ జబ్బు లక్షణమూ లేకపోయినా, సీసం ఎక్కువున్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో, ఏకాగ్రతలో వెనుకబడ్డారని తేలింది. ఇంత అయితే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలంటుంది. ఒంట్లోని సీసాన్ని పట్టి బయటికి పంపే కీలేషన్ మందులు తీవ్రమైన విషప్రభావంలో ప్రాణం నిలబెడతాయి గాని, మెదడుకు అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చలేవు.

అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, అనుమానం ఉన్న ఇంటి పిల్లలకు రక్తపరీక్ష చేయించమంటాను. పెచ్చులూడుతున్న పాత రంగును తడిపి మాత్రమే గీకాలి, ఆ సమయంలో పిల్లలనూ గర్భిణులనూ అక్కడ ఉంచకూడదు, నేలను ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేచోట, టంకం పనిలో ఉన్నవారు పనిబట్టలు అక్కడే విడిచి, స్నానం చేసి ఇంటికి రావాలి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.